ఇంట్లో కట్టిన ట్యూబ్ ఆంప్‌లో వోల్టేజీలు తేడాగా వస్తున్నాయా? ఏ వరుసలో కొలవాలి, ఎక్కడ వెతకాలి

ట్యూబ్ ఆంప్లిఫయర్ కట్టడం పూర్తయ్యాక అందరూ అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. "డయాగ్రములో 340 ఉంది, నాకు 395 వస్తోంది, ఏది మార్చాలి?" ఆ ఒక్క అంకె చూసి ఏదీ మార్చకండి. ఒక రెసిస్టరుకు ఈ చివర ఎంత ఉంది, ఆ చివర ఎంత ఉంది అని రెండూ కొలిస్తే అందులో ఎంత కరెంటు పోతోందో తెలుస్తుంది. తప్పు ఎక్కడుందో చెప్పేది ఆ కరెంటే.

ఉదాహరణకి ఫెండర్ కంపెనీ చిన్న గిటార్ ఆంప్, ఛాంప్ 5ఎఫ్1 సర్క్యూట్ తీసుకుంటున్నాను. ఏసీని డీసీగా మార్చే ఒక 5వై3 రెక్టిఫయర్ ట్యూబు, ప్రీఆంప్‌కి ఒక 12ఏఎక్స్7 (ఒకే గాజులో రెండు ట్రయోడ్లు, అంటే రెండు సగాలు), స్పీకర్‌ని నడపడానికి ఒక 6వి6, అంతే. మొదటిసారి కట్టేవాళ్లు చాలామంది దీనితోనే మొదలుపెడతారు. మీది వేరే సర్క్యూట్ అయితే అంకెలు మారతాయి, కొలిచే వరుస మారదు. ట్యూబులో హీటర్ కేథోడ్‌ని వేడి చేస్తుంది, కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు ప్లేట్‌కి పోతాయి, మధ్యలో ఉన్న గ్రిడ్ వాటిని అదుపు చేస్తుంది. 6వి6లో స్క్రీన్ అనే ఇంకో గ్రిడ్ కూడా ఉంటుంది.

1. ముందు జాగ్రత్తలు

ఈ పెట్టెలో 350 నుంచి 450 వోల్టుల డీసీ ఉంటుంది. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా కెపాసిటర్లలో అది నిలిచి ఉంటుంది. ఈ భాగాన్ని చదవకుండా కిందికి దాటేయకండి.

☐ మొదటి ఫిల్టర్ కెపాసిటర్‌కి (రెక్టిఫయర్ తర్వాత డీసీని నున్నగా చేసేది) అడ్డంగా 220కె (కె అంటే కిలో ఓమ్), 2 వాట్ల రెసిస్టర్ శాశ్వతంగా ఉండాలి. లేకపోతే ఈరోజే వేయండి. 16, 8, 8 మైక్రోఫారడ్ కెపాసిటర్లున్న ఆంప్‌లో ఇది అర నిమిషంలో దాదాపు మొత్తం దించేస్తుంది.
☐ అది ఉంది కదా అని నమ్మకం పెట్టుకోవద్దు. 10కె, 10 వాట్ల రెసిస్టర్‌కి రెండు వైపులా ఇన్సులేషన్ ఉన్న క్లిప్పులు కట్టి పెట్టుకోండి. ప్లగ్గు పీకాక ఒక క్లిప్పు ఛాసిస్‌కి (ఆంప్ లోహపు పెట్టెకి), రెండోది కెపాసిటర్ ప్లస్‌కి పెట్టండి. తర్వాత మీటరుతో చూడండి. 10 వోల్టుల కంటే తక్కువ కనిపించాకే చెయ్యి లోపల పెట్టాలి.
☐ స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి దించడం వద్దు. కెపాసిటరూ పాడవుతుంది, కళ్లలో నిప్పురవ్వలూ పడతాయి.
☐ లైవ్‌లో కొలిచేటప్పుడు నల్ల వైరు క్లిప్పుతో ఛాసిస్‌కి తగిలించేయండి. ఎర్ర ప్రోబ్ ఒక్క చేతితో పట్టుకోండి, రెండో చెయ్యి జేబులో ఉండాలి. కాళ్లకి చెప్పులు, కింద పొడి నేల, ఇంట్లో ఇంకో మనిషి ఉండాలి.
☐ ఉంగరాలు, వాచీ తీసేయండి.

ఇంట్లో మూడు పిన్నుల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉందని కాదు. పాత ఇళ్లలో ఆ మూడో రంధ్రానికి వైరే ఉండదు. ఫేజ్ నుంచి ఎర్త్‌కి దాదాపు 230 రావాలి, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి రెండు మూడు వోల్టులకి మించి రాకూడదు. అలా రాకపోతే ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, ఆంప్ సంగతి తర్వాత చూద్దాం.

2. మీటరు, సిరీస్ బోర్డు

డీసీ 1000 వోల్టుల వరకు చదివే మీటరు కావాలి. ప్రోబ్ వైర్ల ఇన్సులేషన్ ఎక్కడా చిట్లి ఉండకూడదు.

చవగ్గా దొరికే పసుపు రంగు చిన్న మీటర్లు కూడా పనికొస్తాయి, కానీ వాటి ఇన్‌పుట్ రెసిస్టెన్స్ సాధారణంగా 1 మెగ్ ఓమ్. కాస్త మంచి మీటర్లది 10 మెగ్. 12ఏఎక్స్7 ప్లేట్ దగ్గర 1 మెగ్ మీటరు మూడు నాలుగు శాతం తక్కువ చూపిస్తుంది, దాంతో నష్టం లేదు. కానీ 220కె వెనకున్న గ్రిడ్ వోల్టేజీని అదే మీటరుతో కొలిస్తే 18 శాతం దాకా తక్కువ చూపిస్తుంది. గ్రిడ్ దగ్గర ఏదైనా అనుమానం ఉంటే 10 మెగ్ మీటరు ఎవరినైనా అడిగి తెచ్చుకోండి.

ఇక సిరీస్ బోర్డు. ఎలక్ట్రీషియన్లు వాడేదే, ఫేజ్ వైరులో వరుసగా ఒక బల్బు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టాలి, ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. లోపల షార్ట్ ఉంటే బల్బు ఫుల్లుగా వెలిగి అలాగే ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్ బతికిపోతుంది. అంతా బాగుంటే ఒక్క క్షణం వెలిగి మసకబారుతుంది.

ఇక్కడ చాలామంది పొరపడతారు. సిరీస్ బోర్డు మీద ఉండగా తీసిన కొలతలు రాసుకుని "అన్నీ తక్కువ వస్తున్నాయి" అంటారు. కొంత వోల్టేజి బల్బు తినేస్తుంది, తక్కువే వస్తాయి. షార్ట్ లేదని తేలాక బోర్డు తీసేసి, ఆంప్‌ని నేరుగా సాకెట్‌కి పెట్టి కొలవండి.

3. కరెంటు ఇవ్వకముందే ఓమ్ మీటరుతో

ట్యూబులన్నీ తీసేసి, కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసి, ఈ వరుసలో చూడండి. సగం తప్పులు ఇక్కడే దొరికిపోతాయి. మొదట ఒక మాట: పిన్నుల నంబర్లు సాకెట్‌ని కింది నుంచి, అంటే వైర్లు టంకం పెట్టే వైపు నుంచి చూస్తూ, గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెట్టాలి. పై నుంచి లెక్కపెట్టి వైరింగ్ అంతా తిరగేసినవాళ్లు ఉన్నారు.

☐ ప్లగ్గు ఎర్త్ పిన్ నుంచి ఛాసిస్: 1 ఓమ్ లోపు.
☐ హై వోల్టేజి వైండింగ్ సెంటర్ ట్యాప్ (వైండింగ్ మధ్య నుంచి తీసిన వైరు) నుంచి ఛాసిస్: దాదాపు 0.
☐ మొదటి కెపాసిటర్ మైనస్ నుంచి ఛాసిస్: 1 ఓమ్ లోపు. ఛాసిస్‌కి పెయింటు గానీ ఆనోడైజింగ్ గానీ ఉంటే బోల్టు కింద గీకి మెరుగు తేల్చాలి.
☐ 5వై3 పిన్ 8 నుంచి ఛాసిస్: కెపాసిటర్ ఛార్జ్ అవుతున్న కొద్దీ అంకె పెరుగుతూ 220కె దగ్గరికి చేరాలి. కొన్ని వందల ఓమ్‌ల దగ్గర ఆగిపోతే షార్ట్ ఉంది, కరెంటు ఇవ్వకండి.
☐ మొదటి కెపాసిటర్ ప్లస్ నుంచి 6వి6 పిన్ 3: ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ, కొన్ని వందల ఓమ్‌లు. ఏమీ చూపించకపోతే వైండింగ్ తెగింది.
☐ 6వి6 పిన్ 8 నుంచి ఛాసిస్: 470 ఓమ్‌లు. పిన్ 5 నుంచి ఛాసిస్: 220కె.
☐ 12ఏఎక్స్7 పిన్ 3 నుంచి ఛాసిస్: 1.5కె. పిన్ 8 నుంచి 1.4కె వస్తుంది. స్పీకర్ నుంచి వచ్చే 22కె ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ దానికి సమాంతరంగా ఉంటుంది కాబట్టి అది సరైనదే.
☐ 12ఏఎక్స్7 పిన్ 1, పిన్ 6 నుంచి మూడో కెపాసిటర్ ప్లస్: ఒక్కొక్కటి 100కె.

ఈ కొలతలు కాంపొనెంట్ బోర్డు మీద కాకుండా సాకెట్ పిన్ను దగ్గరే తీయండి. బోర్డు మీద సరిగ్గా ఉండి పిన్ను దగ్గర తేడా వస్తే మధ్యలో డ్రై సోల్డర్ (సరిగా అతకని టంకం) ఉన్నట్టే.

రెసిస్టర్ల రంగులు కూడా ఒకసారి చూసుకోండి. గోధుమ, ఆకుపచ్చ, ఎరుపు 1.5కె. గోధుమ, ఆకుపచ్చ, పసుపు 150కె. ఇక గోధుమ, నలుపు, పసుపు అయితే 100కె, అదే చివర ఆకుపచ్చ ఉంటే 1 మెగ్. రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద ఈ తేడా కంటికి ఆనదు. ఐదు గీతల మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లయితే ఏ వైపు నుంచి చదవాలో కూడా తెలియదు. అందుకే వేసే ముందు ప్రతి రెసిస్టరునీ మీటరుతో కొలిచి వేయడమే నయం.

4. గోడ సాకెట్ దగ్గర ఎంత ఉంది?

ఆంప్ లోపల ఎంత ఉందో చూసే ముందు సాకెట్‌లో ఎంత ఉందో రాసుకోండి. మన దగ్గర నామినల్ 230 వోల్టులు, 10 శాతం అటూ ఇటూ. అంటే 207 నుంచి 253 దాకా ఏదైనా రావచ్చు. సాయంత్రం ఒకటి, తెల్లవారుజామున ఒకటి ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ 220కి చుట్టించి, ఇంట్లో 240 వస్తుంటే లోపల ప్రతి వోల్టేజీ 9 శాతం పెరుగుతుంది. హై వోల్టేజి సెకండరీ 325-0-325 (సెంటర్ ట్యాప్ నుంచి రెండు వైపులా 325) కాస్తా 354-0-354 అవుతుంది. ఎవరి తప్పూ లేకుండానే "340 బదులు 370" వచ్చేస్తుంది. చుట్టే షాపులో ఆర్డర్ ఇచ్చేటప్పుడే ప్రైమరీకి 220, 230, 240 ట్యాపులు అడగండి. సెకండరీ వోల్టేజి "లోడ్ మీద" (అంటే కరెంటు లాగుతున్నప్పుడు) కావాలని, ఎన్ని మిల్లీ ఆంపియర్లకో కూడా కాగితం మీద రాసి ఇవ్వండి. నోటిమాటగా చెబితే లోడ్ లేకుండా 325 వచ్చేలా చుట్టేవాళ్లు ఉన్నారు.

అమెరికాలో ఉండి అక్కడి కిట్‌తో కట్టి ఇక్కడికి తెచ్చేవాళ్లు ప్రైమరీకి 230 ట్యాపు ఉందో లేదో, ట్రాన్స్‌ఫార్మర్ మీద 50 హెర్ట్జ్ అని రాసి ఉందో లేదో చూసుకోండి. 60 హెర్ట్జ్‌కే చేసినది ఇక్కడ ఎక్కువ వేడెక్కుతుంది.

కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రం కొలతలు తీయకండి. సైన్ వేవ్ కాని ఇన్వర్టర్ల వేవ్ శిఖరం వేరేగా ఉంటుంది. హీటర్ వోల్టేజి ఒక తీరుగా, డీసీ ఇంకో తీరుగా వస్తాయి. చవక మీటరు దాన్ని సరిగా చదవనూ చదవదు.

5. ట్యూబులు లేకుండా ట్రాన్స్‌ఫార్మర్

ట్యూబులు పెట్టకుండా ఆన్ చేసి, మీటరు ఏసీలో పెట్టి కొలవండి.

☐ 5వై3 సాకెట్ పిన్ 4 నుంచి ఛాసిస్, పిన్ 6 నుంచి ఛాసిస్: రెండూ ఇంచుమించు సమానంగా, 330 నుంచి 350. లోడ్ లేదు కనుక కాస్త ఎక్కువే వస్తాయి. ఈ రెండు పిన్నుల మధ్య మాత్రం కొలవకండి, 650కి పైన ఉంటుంది. చాలా మీటర్ల ఏసీ హద్దు 750.
☐ 5వై3 సాకెట్ పిన్ 2, పిన్ 8 మధ్య: 5 నుంచి 5.5. ఇది ఇప్పుడే కొలిచేయాలి. ట్యూబు పెట్టాక ఆ రెండు పిన్నుల మీదా హై వోల్టేజి డీసీ ఉంటుంది.
☐ 6వి6 సాకెట్ పిన్ 2, పిన్ 7 మధ్య: 6.3 నుంచి 7.
☐ 12ఏఎక్స్7 పిన్ 4, పిన్ 9 మధ్య: అదే 6.3 నుంచి 7. పిన్ 4, పిన్ 5 మధ్య: 0, ఎందుకంటే ఆ రెండూ కలిసి ఉండాలి.

చివరిది గట్టిగా చూసుకోండి. 6.3 వోల్టులని పిన్ 4, పిన్ 5 మధ్య ఇస్తే హీటర్‌లో ఒక్కో సగానికి 3.15 మాత్రమే అందుతుంది. ట్యూబు మసగ్గా వెలుగుతుంది, మనిషి చూసి "వెలుగుతోంది కదా" అనుకుంటాడు, ప్లేట్ వోల్టేజీలు మాత్రం నమ్మశక్యం కానంత ఎక్కువ వస్తాయి.

హీటర్ వోల్టేజి ఎప్పుడూ పిన్నుకీ పిన్నుకీ మధ్యే కొలవాలి. ఛాసిస్ నుంచి కొలిస్తే 3.15 రావచ్చు, అది తక్కువ వచ్చినట్టు కాదు. ట్యూబులు పెట్టాక 5.7 నుంచి 6.9 మధ్య ఉంటే సరిపోతుంది.

6. అన్ని ట్యూబులతో మొదటి కొలతలు

8 ఓమ్‌ల స్పీకర్ తగిలించండి, లేదా 8 ఓమ్‌లు 10 వాట్ల రెసిస్టర్ పెట్టండి. ఔట్‌పుట్‌కి ఏదీ తగిలించకుండా ట్యూబ్ ఆంప్ ఆన్ చేయకూడదు. వాల్యూమ్ సున్నాలో ఉండాలి.

మొదట సిరీస్ బోర్డు మీద ఆన్ చేయండి. బల్బు మసకబారిందా, అప్పుడు నేరుగా పెట్టండి. 5వై3 ముందుగా వేడెక్కుతుంది, 6వి6కి ఇంకాస్త సమయం పడుతుంది. ఆ మధ్యలో డీసీ 430, 450 దాకా ఎగబాకి తర్వాత దిగుతుంది. అది మామూలే. కంగారుపడి ఆపేయకండి, కానీ కెపాసిటర్ల మీద 450 అని రాసి ఉంటే అవి అంచు మీద ఉన్నాయని గుర్తుంచుకోండి. 325 వోల్టుల ఏసీ శిఖరం 460. ప్రైమరీ 220ది అయి సాకెట్‌లో 240 ఉంటే 500 దాటుతుంది. 500 వోల్టుల కెపాసిటర్లే కొనుక్కోవడం మంచిది.

ఐదు నిమిషాలు ఆగి కింది వరుసలో రాసుకోండి. ఇవి బాగా పనిచేసే ఒక ఆంప్‌లో ఒకదానితో ఒకటి పొసిగే అంకెలు.

ఎ పాయింట్, మొదటి కెపాసిటర్ ప్లస్: 345
6వి6 పిన్ 3, ప్లేట్: 332
బి పాయింట్, 10కె తర్వాత, 6వి6 పిన్ 4 స్క్రీన్: 305
సి పాయింట్, 22కె తర్వాత: 261
6వి6 పిన్ 8, కేథోడ్: 19
6వి6 పిన్ 5, గ్రిడ్: 0
12ఏఎక్స్7 పిన్ 1, పిన్ 6, ప్లేట్లు: 161
12ఏఎక్స్7 పిన్ 3, పిన్ 8, కేథోడ్లు: 1.5
12ఏఎక్స్7 పిన్ 2, పిన్ 7, గ్రిడ్లు: 0

మీకు ఇవే రానక్కర్లేదు. ఆ కాలపు ఫెండర్ డయాగ్రముల మీద వోల్టేజీలు 20 శాతం అటూ ఇటూ ఉండవచ్చని వాళ్లే అచ్చు వేశారు. 345 బదులు 370 వచ్చిందంటే, మిగతావన్నీ అదే నిష్పత్తిలో పెరిగి ఉంటే, చేయాల్సిందేమీ లేదు. 345 సరిగ్గా వచ్చి, బి పాయింట్‌లో 230 వచ్చిందంటే మాత్రం వెతకాలి.

6వి6 సాకెట్‌లో పిన్ 2, 3, 4 పక్కపక్కనే ఉంటాయి. ప్రోబ్ జారితే రెండు పిన్నులు కలుస్తాయి. ప్రోబ్ మొన కొంచెం మాత్రమే బయటికి కనిపించేలా మిగతా దానికి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి.

7. వోల్టులని కరెంటుగా మార్చండి

ఇదే అసలు పని. రెసిస్టర్ రెండు చివర్ల తేడాని దాని విలువతో భాగించాలి. వోల్టులని కిలో ఓమ్‌లతో భాగిస్తే నేరుగా మిల్లీ ఆంపియర్లు వస్తాయి.

పై అంకెలతోనే చూద్దాం.

12ఏఎక్స్7 కేథోడ్: 1.5 ని 1.5తో భాగిస్తే 1 మిల్లీ ఆంపియర్. ప్లేట్ వైపు 261 లోంచి 161 పోతే 100, దాన్ని 100తో భాగిస్తే మళ్లీ 1. రెండు వైపులా ఒకటే వచ్చింది కాబట్టి ఆ సగం ఆరోగ్యంగా ఉంది.

22కెలో: 305 లోంచి 261 పోతే 44, దాన్ని 22తో భాగిస్తే 2 మిల్లీ ఆంపియర్లు. రెండు ట్రయోడ్లకి చెరో 1, లెక్క కుదిరింది.

10కెలో: 345 లోంచి 305 పోతే 40, అంటే 4 మిల్లీ ఆంపియర్లు. ఇందులో 2 ప్రీఆంప్‌వి, మిగిలిన 2 స్క్రీన్‌వి.

470 ఓమ్‌లలో: 19 ని 0.47తో భాగిస్తే 40.4. అందులోంచి స్క్రీన్ 2 తీసేస్తే ప్లేట్ కరెంటు 38.4.

ప్లేట్‌కీ కేథోడ్‌కీ మధ్య 332 లోంచి 19 పోతే 313 వోల్టులు. 313 ని 0.0384తో గుణిస్తే 12 వాట్లు. 6వి6జీటీకి పాత పద్ధతిలో చెప్పిన హద్దు 12 వాట్లు, తర్వాతి డిజైన్ మాక్సిమమ్ లెక్కలో 14. మీ లెక్క 14 దాటితే 470 తీసి 560 గానీ 680 గానీ వేయండి. 5వై3 బదులు సిలికాన్ డయోడ్లు వేసినవాళ్లకి ఇది దాదాపు ఖాయంగా దాటుతుంది, ఎందుకంటే ఎ పాయింట్ కనీసం 50 వోల్టులు పైకి పోతుంది.

లెక్కలో డయాగ్రములో ఉన్న విలువ కాదు, మీరు ఓమ్ మీటరుతో కొలిచిన విలువ వేయండి.

ఇప్పుడు ఒక చెడిన ఆంప్ చూద్దాం. 12ఏఎక్స్7 ప్లేట్ 40 వోల్టులే ఉంది. వెంటనే "ట్యూబు పోయింది, ఎక్కువ కరెంటు లాగుతోంది" అనిపిస్తుంది. కేథోడ్ చూస్తే 0.35. అంటే కరెంటు 0.23 మిల్లీ ఆంపియర్లు మాత్రమే, ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతు. సి పాయింట్ 270 ఉంది, ప్లేట్ రెసిస్టర్‌లో 230 పడుతోంది. 230 ని 0.23తో భాగిస్తే 1000కె. వేయాల్సింది 100కె, వేసింది 1 మెగ్. ట్యూబు మార్చి ఉంటే 40 వోల్టులు అలాగే ఉండేవి, డబ్బులు పోయేవి.

8. లక్షణాన్ని బట్టి వెతకడం

8.1 ఎ పాయింట్ 430కి పైనే ఉండిపోయింది

6వి6 కరెంటు లాగట్లేదు. కేథోడ్ కొలవండి.

కేథోడ్ 0 ఉంటే: హీటర్ వెలగడం లేదు, లేదా స్క్రీన్‌కి వోల్టేజి అందడం లేదు, లేదా ట్యూబు సాకెట్‌లో సరిగా కూర్చోలేదు. కేథోడ్ 40, 50 వోల్టులు ఉంటే: కేథోడ్ రెసిస్టర్ తెగింది. దానికి సమాంతరంగా ఉన్న 25 వోల్టుల బైపాస్ కెపాసిటర్ కూడా దెబ్బతిని ఉంటుంది, రెండూ మార్చండి.

8.2 ఎ పాయింట్ 250, 280 దాకా పడిపోయింది

కరెంటు ఎక్కువ పోతోందా, లేక సప్లయి నీరసంగా ఉందా అన్నది తేల్చాలి. కేథోడ్ 28, 30 ఉంటే కరెంటు ఎక్కువ పోతోంది, 8.3 చూడండి. కేథోడ్ కూడా తగ్గి 14, 15 ఉంటే సప్లయిదే తప్పు. పిన్ 4, పిన్ 6 ఏసీ సమానంగా ఉందో చూడండి. ఒకటి లేకపోతే సగం రెక్టిఫయరే పనిచేస్తోంది, హమ్ (గుయ్‌మనే మోత) కూడా లావుగా, 50 హెర్ట్జ్‌లో వినిపిస్తుంది. రెండూ ఉంటే 5వై3 పాతబడి ఉండొచ్చు, లేదా మొదటి కెపాసిటర్ ఎండిపోయి ఉండొచ్చు.

8.3 6వి6 కేథోడ్ ఎక్కువ, ప్లేట్ ఎర్రబడుతోంది

వెంటనే ఆపేయండి. మళ్లీ ఆన్ చేసి కొద్ది క్షణాల్లో పిన్ 5 కొలిచి ఆపాలి. గ్రిడ్ దగ్గర అర వోల్టుకి మించి ప్లస్ ఉందంటే రెండే కారణాలు: ముందున్న కప్లింగ్ కెపాసిటర్ (12ఏఎక్స్7 ప్లేట్ నుంచి సిగ్నల్‌ని ఈ గ్రిడ్‌కి తెచ్చేది) లీక్ అవుతోంది, లేదా ట్యూబులో గ్యాస్ చేరింది.

తేల్చడం తేలికే. డిశ్చార్జ్ చేసి, కప్లింగ్ కెపాసిటర్‌కి గ్రిడ్ వైపున్న కాలు ఊడదీసి మళ్లీ కొలవండి. ప్లస్ పోతే కెపాసిటర్ మార్చాలి. పోకుండా, వేడెక్కుతున్న కొద్దీ ఇంకా పెరుగుతుంటే ట్యూబు మార్చాలి. పాత వాల్వు రేడియోల్లోంచి పీకిన కాగితం కెపాసిటర్లు వాడినవాళ్లకి పది సార్లకి తొమ్మిది సార్లు మొదటిదే అవుతుంది. ఆ కెపాసిటర్లు ఎంత ముచ్చటగా ఉన్నా ఇక్కడ వాడకండి.

గ్రిడ్ 0, కేథోడ్ కూడా 0, ప్లేట్ మాత్రం ఎర్రగా ఉందంటే కేథోడ్ నేరుగా ఛాసిస్‌కి తగిలింది, లేదా బైపాస్ కెపాసిటర్ షార్ట్ అయింది. తిరగేసి వేశారేమో కూడా చూడండి.

8.4 ప్లేట్ 0, లోపల స్క్రీన్ ఎర్రగా మెరుస్తోంది

ఇది తొందరగా ట్యూబుని చంపేది. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ తెగింది లేదా పిన్ 3కి వైరు అందలేదు. ప్లేట్‌కి పోవాల్సిన కరెంటు కొంత స్క్రీన్ మీద పడుతుంది. బి పాయింట్ దారుణంగా పడిపోతుంది, 10కె మాడు వాసన వస్తుంది. సంగీతం రాదు కనుక "ఏదో లూజు" అనుకుని ఆన్‌లోనే ఉంచి వెతికితే ట్యూబూ, 10కె రెండూ పోతాయి. ఆపి, 3వ భాగంలోని ఓమ్ పరీక్ష మళ్లీ చేయండి.

8.5 బి లేదా సి పాయింట్ 0

పైనున్న రెసిస్టర్ చల్లగా ఉంటే అది తెగింది. కాలుతుంటే దాని కిందున్న కెపాసిటర్ షార్ట్ అయింది. బి పాయింట్ ఎ పాయింట్‌తో సమానంగా ఉంటే 10కెలో కరెంటే పోవడం లేదు, లేదా ఏదో వైరు దాన్ని దాటేసి కలిపింది.

8.6 12ఏఎక్స్7 ప్లేట్ సి పాయింట్‌తో సమానంగా ఉంది

ఆ సగంలో కరెంటు లేదు. హీటర్ వైరింగ్, కేథోడ్ రెసిస్టర్, సాకెట్ పిన్ను, ఈ వరుసలో చూడండి. రెండు ప్లేట్లూ అలాగే ఉంటే హీటర్‌దే తప్పు. ఒక్కటే అయితే ఆ సగం కేథోడ్ వైపు చూడండి. 1.5కె బదులు 150కె వేస్తే కూడా దాదాపు ఇలాగే కనిపిస్తుంది.

9. అంకెలు నిలవట్లేదా?

ప్రోబ్ పెట్టగానే వోల్టేజి గెంతుతోంది, చెయ్యి దగ్గరికి తెస్తే మారుతోంది అంటే ఆంప్ చెవికి అందని పిచ్‌లో ఆసిలేట్ అవుతూ (తనంతట తానే సిగ్నల్ పుట్టిస్తూ) ఉండొచ్చు. గుర్తు పట్టడానికి 6వి6 పిన్ 5 చూడండి. వాల్యూమ్ సున్నాలో ఉన్నా మైనస్ 8, మైనస్ 10 వస్తోందంటే అదే. 12ఏఎక్స్7 గ్రిడ్ దగ్గర మైనస్ పాయింట్ మూడు, పాయింట్ నాలుగు వస్తే మాత్రం పట్టించుకోకండి.

22కె ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఒక కాలు ఊడదీయండి. అంకెల గెంతు ఆగిపోతే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ రెండు వైర్లు తారుమారు చేయండి. ఆగకపోతే గ్రిడ్ వైర్లు ప్లేట్ వైర్ల పక్కనే పోతున్నాయేమో చూసి, ఎండిన వెదురు పుల్లతో వాటిని దూరం జరుపుతూ మీటరు గమనించండి. అదే పుల్లతో టంకాలని మెల్లగా తడితే డ్రై సోల్డర్లూ బయటపడతాయి.

హమ్ ఎక్కువగా ఉంటే మీటరు ఏసీలో పెట్టి ఎ పాయింట్ కొలవండి. 16 మైక్రోఫారడ్‌తో 5 నుంచి 8 వోల్టుల రిపుల్ (డీసీ మీద మిగిలిపోయిన ఏసీ) సహజం. 20 దాటితే కెపాసిటర్ పోయినట్టే. బి పాయింట్‌లో అది అర వోల్టు లోపుకి వచ్చేయాలి. చవక మీటర్లలో కొన్ని ఏసీలో పెట్టినా డీసీని కలిపి ఏదో పెద్ద అంకె చూపిస్తాయి. ఎర్ర ప్రోబ్‌కి వరుసగా 0.1 మైక్రోఫారడ్, 630 వోల్టుల కెపాసిటర్ పెట్టి కొలిస్తే ఆ గొడవ ఉండదు.

మొదటి కెపాసిటర్ పెంచేస్తే హమ్ పోతుందని 100 మైక్రోఫారడ్ వేసేవాళ్లున్నారు. 5వై3 దాన్ని భరించలేదు, ఆన్ చేసిన ప్రతిసారీ దెబ్బ తింటుంది. 20 దాటకండి. పెంచాలంటే బి, సి పాయింట్ల దగ్గర పెంచుకోండి.

10. సరిచేశాక

ఒకసారికి ఒక్క భాగమే మార్చండి, మార్చిన ప్రతిసారీ 6వ భాగంలోని తొమ్మిది కొలతలూ మళ్లీ తీయండి. గంటసేపు ఆన్‌లో ఉంచి 6వి6 కేథోడ్ ఇంకోసారి చూడండి. మొదటి పది నిమిషాల్లో ఒక వోల్టు అటూ ఇటూ కదిలితే పరవాలేదు. గంట తర్వాత కూడా పైకి పాకుతూనే ఉంటే 8.3కి వెళ్లండి.

అప్పటికీ తేలకపోతే, తెలిసినవాళ్లని అడిగే ముందు ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పంపండి. "సౌండ్ రావట్లేదు, ప్లీజ్ హెల్ప్" అన్న దానికి ఎవరూ ఏమీ చెప్పలేరు.

☐ సాకెట్ వోల్టేజి, కొలిచిన సమయం
☐ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఏ ట్యాపు, సెకండరీ ఎంత
☐ తొమ్మిది డీసీ కొలతలు, హీటర్ ఏసీ
☐ 470, 1.5కె, 10కె, 22కె, 100కె రెసిస్టర్ల కొలిచిన విలువలు
☐ మీటరు ఇన్‌పుట్ రెసిస్టెన్స్ 1 మెగ్గా, 10 మెగ్గా
☐ లోడ్‌గా ఏం పెట్టారు, సిరీస్ బోర్డు ఉందా తీసేశారా
☐ కింది వైపు వైరింగ్ కనిపించేలా పగటి వెలుతురులో తీసిన ఫోటో